పటములో ఉన్నవారెవరు? మార్లవాయి ఛాయాచిత్రముల నుండి మన పాత ఫోటోల వరకు

శతవార్షికోత్సవ సంచిక కొరకు ప్రతి సంఘమువారు తమ పాత ఫోటోలను పంపవలెనని కమిటీవారు కోరినప్పుడు, మా ఆలయపు వెస్ట్రీ గదిలో గోడకు వ్రేలాడుచున్న పెద్ద పటమును దించినాము. స్వాతంత్ర్యమునకు ముందటిది. మధ్యలో మూడు కుర్చీలు. వాటిలో దొరగారు, దొరసానిగారు, గురువుగారు. వారి వెనుక తలపాగాలు చుట్టుకున్న పెద్దలు, ముందు నేలమీద పిల్లలు, కుడివైపు చివరన చెట్టు నీడలో సగము కలిసిపోయి స్త్రీలు. అద్దము తుడిచి, పేర్లు వ్రాసికొనుటకు కాగితము తీసినాము. కుర్చీలలోని ముగ్గురి పేర్లు వెంటనే వచ్చినవి. తరువాత కలము ఆగిపోయినది.

ఆ పటము వెనుక అట్టమీద అందరి పేర్లు పెన్సిలుతో వ్రాసి ఉండెనని పెద్దలు చెప్పినారు. ఎన్నో ఏండ్ల క్రితము అద్దము పగిలినప్పుడు పటమును మరల కట్టించుటకు ఇచ్చినాము. క్రొత్త అద్దము, క్రొత్త అట్ట వచ్చినవి. పాత అట్ట ఏమైనదని ఎవరమూ అడుగలేదు. పటము కట్టినవానిని అనుటకు లేదు, అడుగవలసినవారము మేమే.

చివరకు మా సంఘములో అందరికంటె పెద్దదైన ఒక అవ్వ వద్దకు పటమును తీసికొనిపోయినాము. ఆమె చూపు మందగించినది గాని జ్ఞాపకము మందగించలేదు. "గీ బిడ్డనెత్తుకున్నామె మా చిన్నవ్వ. గామె పక్కన నిలవడ్డది పంతులమ్మ. ఆ తలపాగాయన..." అని ఆగి, కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వినది. "ఆయన పేరు నేనెట్ల చెప్త కొడుకా, మా మామ గదా!" మామ పేరు నోట పలుకని కాలపు మనిషి. మనుమరాలు చెవిలో ఒక పేరు చెప్పగా, తల ఊపినది. అట్లు ఆ పెద్దమనిషి పేరు మాకు తెలిసినది. ఆమె చెప్పిన పేర్లను బాప్తిస్మపు రిజిస్టరులో వెదకినాము. సగము దొరకలేదు. వాడలో పిలుపు ఒకటి, రిజిస్టరులో పేరు మరొకటి. ఈ రెండింటిని ముడివేయగలది ఆ అవ్వ ఒక్కతే.

ఈ పనిలో ఉండగానే నాకు జైనూర్ మండలములోని మార్లవాయి గ్రామము మాటిమాటికి జ్ఞాపకము వచ్చినది. అది రాజ్‌గోండుల ఊరు. అక్కడి కథకు మన మిషను చరిత్రతో సంబంధము లేదు. కాని ఒక ఊరి ముఖములను పటములో నిలుపవలెనన్నచో ఆ ఊరివారి పాలు ఎంత ఉండవలెనను ప్రశ్నకు, మన ఉత్తర తెలంగాణలో అంతకంటె మంచి దృష్టాంతము నాకు కనబడలేదు. అందుచేత ఆ సంగతులు వ్రాయుచున్నాను.

ముందుగా అంతకు పూర్వపు పద్ధతి ఎట్లుండెనో కొంచెము చెప్పవలెను. మన దేశమునకు కెమెరా వచ్చిన కొద్ది ఏండ్లకే ప్రభుత్వమువారు దానిని ప్రజలను లెక్కించు పనికి పెట్టినారు. 1868 నుండి 1875 వరకు లండనులో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అను గ్రంథము 8 సంపుటములుగా వెలువడినది. వాట్సన్, కే అను ఇద్దరు దానికి సంపాదకులు. అందులో దేశమందలి కులముల, తెగల ఫోటోలు అతికించబడి యున్నవి. ఒక మనిషి ముఖమును చూపి ఇది ఫలానా జాతి అని చెప్పుట దాని ఉద్దేశము. మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులములు, తెగల గూర్చి 7 సంపుటములు ప్రచురించినాడు. ఈయన ఫోటోలతో తృప్తి చెందక ముక్కుల పొడవు వెడల్పులు కూడ కొలిపించినాడు. నిజాం రాజ్యమందలి కులముల, తెగల గూర్చి సయ్యద్ సిరాజుల్ హసన్ వ్రాసిన గ్రంథము 1920లో వచ్చినది. ఈ గ్రంథములన్నిటి దృష్టిలో మనిషి ఒక మచ్చు. వ్యాపారి మచ్చుకు తీసిన గుప్పెడు వడ్లలో గింజకు పేరెవరు పెట్టుదురు?

అదే కాలములో హైదరాబాదులో మరొక విధమైన ఫోటోలు కూడ తీయబడుచుండెను. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్‌దయాళ్ నవాబులను, జాగీర్దారులను వారు కోరిన భంగిమలో, కోరిన దుస్తులలో తీసినాడు. పరదా స్త్రీల కొరకు 1892లో ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరిపించి, అందులో ఒక ఆంగ్ల స్త్రీ చేత ఫోటోలు తీయించినాడు. వారి మర్యాదకు భంగము కలుగరాదని ఇంత ఏర్పాటు! ఫోటో తీయబడువారికి ఒక ఇష్టము, ఒక మర్యాద ఉండునను సంగతి ఆనాటివారికి తెలియనిది కాదన్న మాట. ఎవరికి ఆ మర్యాద ఇవ్వవలెను అనుటలోనే తేడా ఉండెను. రుసుము చెల్లించగలవానికి పేరుండెను; అడవిలోనివానికి జాతి మాత్రమే ఉండెను.

ఇక మార్లవాయి సంగతి. 1940లో జోడేఘాట్ కొండలలో కొమరం భీము నిజాం పోలీసుల కాల్పులలో మరణించినాడు. జోడేఘాట్ జైనూరుకు పొరుగుననే ఉన్న కెరమెరి మండలములోనిది. భూమి కొరకు, అడవి కొరకు గోండులు ఎందుకు తిరుగబడినారో తెలిసికొనవలసిన అవసరము అప్పుడు ప్రభుత్వమునకు కలిగినది. ఆ పనికి దొరికినవాడు ఒక విచిత్రమైన స్థితిలో ఉన్న మనిషి. ఆయన పేరు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నా నగరమున జన్మించిన మానవ శాస్త్రజ్ఞుడు. లండనులో మాలినోవ్‌స్కీ వద్ద చదివి, నాగా కొండలలో పరిశోధన చేసినవాడు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమగునప్పటికి ఆయన చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు. కనుక బ్రిటిషువారి లెక్కలో శత్రు దేశీయుడు. ఆయనను హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటరాదని కట్టడి చేసినారు. ఇతరులైనచో చెరసాల అనుకొని కూర్చుందురు. ఆయన చెంచుల వద్దకు, గోదావరి కొండలలోని కొండరెడ్ల వద్దకు, అటు పిమ్మట ఆదిలాబాదు గోండుల వద్దకు పోయినాడు.

మార్లవాయిలో ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ కాపురము పెట్టినారు. డేరా వేసి నాలుగు దినములుండి పోవు అధికారులను ఆ ఊరు అంతకు ముందు చూచియుండును. వీరు గోండుల ఇండ్ల తీరుననే ఉన్న ఇంటిలో, గోండీ భాష నేర్చుకొనుచు నివసించినారు. గ్రామపెద్ద లచ్చు పటేల్ వారికి అండగా నిలిచినాడు. నా అభిప్రాయములో మార్లవాయి ఛాయాచిత్రముల చరిత్ర కెమెరాతో ఆరంభము కాలేదు, ఈ కాపురముతోనే ఆరంభమైనది. పొరుగింటివాడు తీసిన ఫోటోలో మనిషి నిలబడు తీరు వేరు, తహసీలుదారు వెంట వచ్చినవాడు తీసిన ఫోటోలో నిలబడు తీరు వేరు. జవారు (జొన్న) కళ్లము వద్ద నూర్పిడి, పెండ్లి, పెర్సాపెన్ పూజ, దండారి నాట్యము, కిక్రీ వాయించు పర్ధాను, ఇవన్నియు ఆయన తీసిన చిత్రములలో ఉన్నవి. పెర్సాపెన్ పూజ వంటి సందర్భములలోనికి బయటివానిని కెమెరాతో రానిచ్చుట ఊరిపెద్దల చేతిలో ఉన్నది. వారు వద్దన్నచో ఎంతటి శాస్త్రజ్ఞుడైనను గట్టుమీద కూర్చుండవలసినదే.

ఊరివారి పాలు అంతటితో ఆగలేదు. గోండుల పురాణమును తరతరములుగా పాడుచు వచ్చినవారు పర్ధానులు. వారు చెప్పిన కథలు, పాటలు ఆధారముగానే 1948లో ఆయన 'ది రాజ్‌గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' అను గ్రంథము ప్రచురించినాడు. ఒక చిత్రములో దేవుని ముందు నిలబడిన నలుగురు ఎవరెవరు, ఎవరు ముందు నిలువవలెను, ఎవరు వెనుక నిలువవలెను అన్నది పర్ధానుకు, ఊరి పటేలుకు తెలిసినంతగా తీసినవానికి తెలియదు. గోండులలో ఇంటిపేరు చెప్పగానే ఏ సగకు చెందినవారో, ఎందరు దేవుళ్లవారో, ఎవరితో పెండ్లి సంబంధము కలియునో, ఎవరితో కలియదో తెలిసిపోవును. ఇంటిపేరు లేని గోండు ముఖము పాఠకునకు అందముగా కనబడవచ్చును గాని గోండులకు అది సగము మాటాడి ఊరకుండిన మనిషి వంటిది.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణకు ఒక పాఠశాల తెరచినారు. అప్పటికి గోండులలో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది, వారికి వచ్చినది మరాఠీ. అందుచేత గోండీ వాచకములు దేవనాగరి లిపిలో తయారైనవి. అక్కడ చదివిన యువకులు ఊరూర పంతుళ్లయినారు, కొందరు ప్రభుత్వోద్యోగములలో చేరినారు. నిజాం ప్రభుత్వములో రెవెన్యూ సభ్యుడుగా ఉన్న గ్రిగ్‌సన్, ఆదిలాబాదు గిరిజన ప్రత్యేకాధికారిగా ఉండి గోండీ వ్యాకరణము వ్రాసిన సేతుమాధవరావు పగడి ఈ కార్యములకు తోడ్పడినారు. గోండు కుటుంబములు అనేకమునకు భూమి పట్టాలు చేతికి వచ్చినది ఈ కాలముననే. గిరిజన ప్రాంతముల రక్షణకు 1946లో ఒక శాసనము కూడ వచ్చినది.

ఇంతవరకు మంచి మాట చెప్పినాను. రెండవ ప్రక్క కూడ చెప్పవలెను. కెమెరా చివరివరకు ఆయన చేతిలోనే ఉండెను. ఏది తీయదగినది అని నిర్ణయించినవాడు ఆయనే. ఆనాటి మానవ శాస్త్ర గ్రంథముల మర్యాద ప్రకారము, ఆయన పుస్తకములలోను అనేక చిత్రముల క్రింద మనిషి పేరుకు బదులు ఊరి పేరో, చేయుచున్న పని పేరో కనబడును. 1949లో ఆయన లండనులోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరినాడు. ఆయన జీవితకాలమున తీసిన వేలాది ఫోటోలు, ఫిల్ములు ఇప్పుడు ఆ విద్యాలయములోనే భద్రముగా ఉన్నవి. తీయబడినవారు జైనూర్ కొండలలో, పటములు లండనులో! చాలాకాలము మార్లవాయిలోని మనుమడు తన తాత ముఖము చూడవలెనన్నచో సముద్రము దాటవలసిన స్థితి. ఇటీవల ఆ చిత్రములను ఆ విద్యాలయమువారు ఇంటర్నెట్‌లో ఉంచినందున ఈ దూరము కొంత తగ్గినది. జైనూర్ బస్టాండులో నిలబడి సెల్‌ఫోనులో వాటిని చూడవచ్చును.

అయితే ఆ భద్రపరచుటవలన ఒక మేలు కలిగినదని కూడ ఒప్పుకొనవలెను. ఉద్యోగ విరమణ చేసిన 1976 తరువాత ఆయన మరల ఆదిలాబాదుకు వచ్చి తిరిగి చూచినాడు. రోడ్లు వచ్చినవి. రోడ్ల వెంట బయటి జిల్లాల నుండి, మహారాష్ట్ర నుండి జనము వచ్చినారు. ఏ పొలములో గోండు దున్నుచుండగా 1940లలో ఫోటో తీసినారో, అటువంటి పొలములు అనేకము గోండులు కానివారి చేతులలోనికి పోయియుండెను. 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' అను పుస్తకములో ఈ నష్టమును ఆయన దాపరికము లేక వ్రాసినాడు. అంతకు ఒక సంవత్సరము ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూసమస్యపై కూడిన గోండులపై పోలీసు కాల్పులు జరిగినవి. పాత పటము అందము కొరకే కాదు, సాక్ష్యము కొరకు కూడ. ఆ పటములో నాగలి పట్టినవాని పేరు, పొలము పేరు కూడ వ్రాసి ఉన్నయెడల ఆ సాక్ష్యము ఇంకెంత బలముగా ఉండెడిదో!

కెమెరా ఊరివారి చేతిలోనే ఉన్నచో ఏమగును? దీనికి జవాబు మన తెలంగాణలోనే జహీరాబాదు దగ్గర పస్తాపూరులో దొరకును. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు, వ్యవసాయ కూలీలు, పలువురు అక్షరము రానివారు, వీడియో కెమెరా పట్టుట నేర్చుకొని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడినారు. శిక్షణలో కెమెరాను ఎక్కడ పెట్టి చూడవలెనను పాఠము వచ్చినది. క్రింది నుండి పైకి చూపిన మనిషి పెద్దగా, అధికారముతో కనబడును. వారు దానికి 'పటేల్ షాట్' అని పేరు పెట్టినారు. పటేలును తాము ఎప్పుడును నేలమీద కూర్చుండి తలయెత్తి చూచినవారే గదా! పైనుండి క్రిందికి చూపినచో మనిషి అణగినట్లు కనబడును. అది 'బానిస షాట్'. కన్నుకు కన్ను సమముగా పెట్టి చూపినది 'సంఘం షాట్'. సంఘములో అందరు ఒకే చాపమీద కూర్చుందురు గనుక. పట్టణములో పెద్ద ఫీజు కట్టి నేర్చుకొను విద్యార్థికి ఈ మూడు పేర్లు తట్టవు. వారి బ్రతుకులో నుండి వచ్చినవి.

ఈ మాటలు చదివిన పిమ్మట మా వెస్ట్రీ పటమును మరల చూచినాను. కుర్చీలలోనివారి కన్నులకు సమముగా కెమెరా నిలిపినారు. నేలమీది పిల్లలపై పైనుండి చూపు పడినది. స్త్రీలు అంచున ఉన్నందున ముఖములు మసకబారినవి. ఎవరి దురుద్దేశమూ కాదు. ఆనాడు ఎవరిని చూడవలెనని నేర్చుకొన్నారో వారినే చూచినారు.

పీ. సాయినాథ్ 2014 డిసెంబరులో ఆరంభించిన గ్రామీణ భారత ప్రజా భాండాగారము కూడ ఇక్కడ చెప్పదగినది. ఈయన మన మాజీ రాష్ట్రపతి వీ. వీ. గిరి గారి మనుమడు. దేశములోని ప్రతి జిల్లానుండి సామాన్యుల ముఖచిత్రములు సేకరించుట ఆ సంస్థ చేపట్టిన పనులలో ఒకటి. ముఖముతో పాటు పేరు, చేయు పని, ఊరు వ్రాయుట వారి నియమము. విద్యార్థులు సైతము తీసి పంపవచ్చును. 1868 నాటి గ్రంథమునకు ఇది సరిగా ఎదురు దిశ.

మార్లవాయికి తిరిగి వచ్చెదను. ఆ ఊరిలోనే పుట్టిన కనకరాజు గుస్సాడీ నాట్యమును యువకులకు నేర్పి, 2021లో పద్మశ్రీ పొందినాడు. నెమలి ఈకల కిరీటముతో ఆయన ముఖము పత్రికలన్నిటిలో పేరుతో సహా వచ్చినది. 2024 అక్టోబరులో ఆయన మరణించినాడు. ఆయన కంటె పూర్వము అదే కిరీటము ధరించి ఆడినవారి పేర్లు ఆ ఊరి వృద్ధులకే తెలియవలెను.

బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించగా, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసినారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండనులో మరణించినాడు. ఆయన అస్థికలు తరువాత తెచ్చి ఆమె ప్రక్కననే ఉంచినారు. ఏటేట జనవరి 11న గోండులు అక్కడ కూడి, తమ ఆచారము ప్రకారము వారిద్దరిని తలంచుకొందురు. పరదేశుల పేర్లు మార్లవాయి రాతిమీద నిలిచినవి, వాటిని ఊరివారు మరువలేదు. ఆ ఊరివారి పేర్లు మాత్రము లండను పటముల క్రింద ఇంకను పూర్తిగా చేరలేదు. ఇది తలంచినప్పుడెల్ల నాకు మా వెస్ట్రీ పటమే కన్నుల ముందు మెదలును.

మా సంఘములో ఇప్పుడు చేయుచున్న పద్ధతి ఇతర సంఘములవారికి ఉపయోగపడునేమోనని వ్రాయుచున్నాను. అసలు పటమును ఎవరి చేతికి ఇచ్చుట లేదు. దానికి పెద్ద నకలు తీయించి, దానిపై పలుచని కాగితము పరచి, తలల ఆకారము మాత్రము గీసి వరుసగా నంబర్లు వేసినాము. ఒక్కొక్క నంబరుకు నోటుబుక్కులో ఒక పుట. అందులో రిజిస్టరు పేరు, ఇంటి పిలుపు, ఎవరి బిడ్డ, ఏ ఊరి ఆడపడుచు, ఎవరు చెప్పినారు అని ఐదు గళ్లు. ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాసికొందుము, వాదించము. ఫోటో వెనుక సిరాతో వ్రాయరాదు, ముందుకు ఉబికివచ్చును; మెత్తని పెన్సిలుతో అంచున వ్రాయవలెను. ఈ రోజులలో ప్లాస్టిక్ కాగితము అతికించుట వాడుక అయినది గాని పాత ఫోటోకు అది మంచిది కాదు, మరల ఊడదీయ వీలుపడదు. పట్నపు స్టూడియోకు ఇచ్చునప్పుడు వెనుక అట్టను ముందుగా విప్పి మన దగ్గర ఉంచుకొనవలెను. ఈ నియమము మాకు ఎట్లు తెలిసినదో పైన చెప్పినాను.

మరియొక మాట. ఇండ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్న ఫోటోలను సంచిక కొరకు అడుగ బోయినప్పుడు, కొందరు ఇవ్వుటకు ఇష్టపడలేదు. ఒక ఇంటిలో చనిపోయిన కుమారుని ఫోటో అది ఒక్కటే. అట్టివారిని బలవంతపెట్టకుండ వారి వాకిటిలోనే, వెలుతురులో ఉంచి నకలు తీసికొన్నాము. ఒక ప్రతిని అచ్చు వేయించి వారికి తిరిగి ఇచ్చిన పిమ్మటనే సంచికకు పంపినాము. ఆ ప్రతిని అందుకొన్న తల్లి, దాని వెనుక ఏమి వ్రాసినారో చదివి వినిపించుమని కోరినది. కుమారుని పేరు తరువాత తన పేరు కూడ ఉన్నదని విని, మరొకసారి చదువుమన్నది.

వెస్ట్రీ పటములో ఇంకను పేరు తెలియనివారు ఉన్నారు. కుడివైపు చివరన, చెట్టు నీడలో నిలబడిన స్త్రీలలోనే వారు ఎక్కువ. నకలు ప్రతిని ఆదివారపు ఆరాధన తరువాత వరండాలో బల్లమీద పరచి ఉంచుచున్నాము. ప్రక్కన నోటుబుక్కు, దారముతో కట్టిన పెన్సిలు ఉండును. కన్ను కనబడని పెద్దలకు చదివి చూపుటకు ఒక యువకుడు అక్కడ కూర్చుండును. అవ్వ కూడ వచ్చే ఆదివారము మరల వచ్చి చూచెదనని చెప్పినది.